నీటి బిలాలలో జీవులు

చలికాలంలో తెల్లవారుజామున నూతిలోనుంచి చేదిన నీళ్ళు గోరువెచ్చగా ఉంటవి. అవే నీళ్ళు నడివేసవిలో చల్లగా ఉంటవి. నిజానికి నీటి వేడిలో పెద్ద మార్పేమీ లేదు. భూమి లోతున ఎండా, చలీ సోకవు గనక అక్కడి నీరు ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వేడిలో ఉంటుంది. మారేదల్లా పైనున్న గాలి. ఈ చిన్న సంగతిని నమ్ముకుని వందలకొద్దీ పెద్ద జంతువులు తమ ప్రాణాలు నిలుపుకుంటున్నవి. అది అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో జరుగుతున్నది.

ఫ్లోరిడాలో నేల కింద అంతా సున్నపురాయి. వాననీరు గాలిలోనూ, మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ నీరు వేల ఏళ్ళుగా సున్నపురాయిని కరిగించి, పెద్ద పెద్ద సొరంగాలు చేసింది. మన నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు కూడా సున్నపురాయిని నీరు కరిగించగా ఏర్పడినవే. బెలుం గుహలు కప్పుదాకా నీటితో నిండిపోయినట్టు ఊహించుకోండి. ఫ్లోరిడా నీటి బిలాలు అటువంటివి. వాటిలోని నీరు ఎక్కడ పైకి పొంగితే అక్కడ ఒక ఊట ఏర్పడుతుంది. అటువంటి ఊటలు ఆ రాష్ట్రంలో వెయ్యికి పైగా ఉన్నవి.

ఈ బిలాలలోకి దిగే గజ ఈతగాళ్ళున్నారు. వీళ్ళు వీపున గాలి సిలిండర్లూ, కాళ్ళకు రబ్బరు రెక్కలూ తగిలించుకుని దిగుతారు. సముద్రంలో మునిగినవాడు ప్రమాదం వస్తే పైకి తేలవచ్చు. బిలంలో ఆ వీలు లేదు. తల పైన రాతి కప్పు ఉంటుంది. వచ్చిన దారినే వెనక్కు పోవాలి. అందుచేత వీళ్ళకు కొన్ని కఠినమైన నియమాలున్నవి. షెక్ ఎక్స్‌లీ అనే ఆరితేరిన ఈతగాడు, బిలాలలో జరిగిన చావులకు కారణాలు పరిశీలించి, 1979లో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆయన చెప్పిన నియమాలనే నేటికీ నేర్పుతున్నారు. బిలం బయటనుంచీ లోపలిదాకా తెగకుండా ఒక సన్నని తాడు వేసుకుంటూ పోవాలి. తెచ్చుకున్న గాలిలో మూడోవంతు లోపలికి పోవటానికి, మూడోవంతు తిరిగి రావటానికి. మిగిలిన మూడోవంతు ఆపదకు. దీపాలు కూడా ఒక్కొక్కరి దగ్గర మూడేసి ఉండాలి.

ఇంత శ్రమపడి లోపలికి పోయినవాళ్ళకు అక్కడ కనిపించే ప్రాణులు వింత అయినవి. వెలుతురు తగ్గినకొద్దీ ఆ ప్రాణులు కూడా మారిపోతవి.

ఊట పైభాగాన ఎండ పడుతుంది. నీరు అద్దంలాగా ఉంటుంది. అక్కడ నీటిగడ్డి, తాబేళ్ళు, పొడుగు ముట్టె గల గార్ చేపలు ఉంటవి. గట్టున మొసళ్ళు ఎండ కాచుకుంటూ ఉంటవి. చలికాలంలో అయితే ఇక్కడికి మానటీలు వస్తవి. వీటిని సముద్రపు ఆవులని కూడా అంటారు. మానటీ మూడు మీటర్ల పొడుగుంటుంది. బరువు నాలుగైదు వందల కిలోలు. ఇంత శరీరమున్నా అది తినేది గడ్డీ గాదమూ మాత్రమే. ఒకరి జోలికి పోదు. దీనికి దగ్గిర చుట్టం తిమింగలం కాదు, ఏనుగు!

పైకి లావుగా కనిపించినా మానటీకి చలి నుంచి కాపాడే దళసరి కొవ్వుపొర లేదు. నీటి వేడి 20 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గి చాలా రోజులుంటే అది జబ్బుపడి చచ్చిపోతుంది. చలికాలంలో నదులూ, సముద్రతీరమూ చల్లబడతవి. ఊటనీరు మాత్రం ఎప్పటిలాగే 20 డిగ్రీల పైన, గోరువెచ్చగా ఉంటుంది. అందుకే మానటీలు పిల్లలను వెంటబెట్టుకుని ఊటలకు వలస వస్తవి. పడుకున్న మానటీ పావుగంటకో, ఇంకా ముందో నిద్రలోనే పైకి తేలి, గాలి పీల్చుకుని, మళ్ళీ అడుక్కు పోతుంది.

ఫ్లోరిడాలో బ్లూ స్ప్రింగ్ అనే ఊట ఉన్నది. 1970లో అక్కడ చలి గడిపిన మానటీలు పద్నాలుగు. 1972లో ప్రభుత్వం ఆ చోటును రక్షిత ఉద్యానం చేసింది. నవంబరు నడిమినుంచి మార్చి ఆఖరుదాకా ఆ ఊటలోకి మనుషులెవరూ దిగరాదు. ఈతగాళ్ళకు కూడా మినహాయింపు లేదు. 2024 జనవరిలో ఒక్క రోజున అక్కడ లెక్కకు వచ్చిన మానటీలు 900కు పైగా! వీటిలో చాలావాటి వీపుల మీద పడవల చక్రాలు కోసిన మచ్చలున్నవి. ఆ మచ్చలను బట్టే శాస్త్రజ్ఞులు ఏ మానటీ ఏదో గుర్తుపడతారు.

ఊట నోరు దాటి లోపలికి పోతే వెలుతురు మసకబారుతుంది. గడ్డి ఉండదు. ఈ మసక చోటులో జెల్లలూ, పాముచేపలూ కనిపిస్తవి. పాముచేప ఎక్కడో అట్లాంటిక్ సముద్రంలో, సర్గాసో అనే చోట పుట్టి, నదుల వెంట ఎదురీది ఇంతదూరం వస్తుంది. కొన్ని బిలాలలో చేపలు ఈతగాళ్ళ వెనకే వస్తవిట. వాటికి మనుషుల మీద ప్రేమ ఏమీ లేదు. దీపం వెలుగులో తిండి కనిపిస్తుందని ఆశ!

ఆ తిండి ఏమిటో తెలియాలంటే ఇంకా లోపలికి పోవాలి. కొంతదూరం పోయాక సూర్యకిరణం ఏనాడూ సోకని చీకటి వస్తుంది. అక్కడ టార్చిలైటు వేస్తే, రాతిమీద తెల్లగా ఏదో కదులుతుంది. అది గుహ క్రేఫిష్. రొయ్యలాటి శరీరమూ, ఎండ్రకాయకున్నటువంటి డెక్కలూ గల జీవి ఇది. దీని ఒంటికి రంగు లేదు. కళ్ళు ఉండవలసిన చోట చిన్న బుడిపెలు మాత్రమే ఉంటవి. చీకటిలో కళ్ళూ రంగూ దేనికి? తరతరాలుగా అవి పనికిరాక క్షీణించిపోయినవి. వాటికి బదులు దీనికి పొడుగాటి మీసాలున్నవి. ఆ మీసాలతో తడుముకుంటూ దారి చూసుకుంటుంది.

చీకటిలో మొక్కలు పెరగవు గనక అక్కడ తిండి పుట్టదు. పై నేలనుంచి నీటితోపాటు కొట్టుకువచ్చే ఆకూ అలమా, మడ్డీ ఆ జీవులకు ఆహారం. అది కూడా బహు కొద్ది. అందుకే అవి నెమ్మదిగా కదులుతవి, నెమ్మదిగా పెరుగుతవి. అడుగున పేరుకున్న మెత్తటి ఒండు మీద ఈతగాడి రబ్బరు రెక్క ఒక్కటి తగిలితే చాలు, నీరంతా బురద అయిపోతుంది. అప్పుడు చెయ్యి ముఖం దగ్గిర పెట్టుకున్నా కనిపించదు. తాడు దొరకకపోతే ప్రాణం దక్కదు. ఆ జీవులు బతికే నేల కూడా చెదిరిపోతుంది. అందుచేత మంచి ఈతగాడు దేనినీ తాకడు, దేనినీ తేడు. చూసి వెనక్కు వస్తాడు.

అయితే బిలంలోకి దిగకుండానే దానిని పాడుచేయవచ్చు. టల్లహాసీ నగరం దగ్గిర వకుల్లా అనే గొప్ప ఊట ఉన్నది. ఒకప్పుడు దాని నీరు ఎంత తేటగా ఉండేదంటే, అద్దపు అడుగు గల పడవలలో కూర్చుని జనం లోతున ఉన్నవన్నీ చూసేవారు. ఆ మడుగులోనుంచే 1930లో మాస్టడాన్ అనే పురాతనపు ఏనుగుజాతి జంతువు ఎముకలు పైకి తీశారు. పోనుపోను ఆ నీరు రంగు మారింది, పిచ్చినాచు పెరిగింది. నగరపు మురుగునీటిని శుభ్రం చేసి దూరంగా పొలాల మీద చల్లేవారు. 2006లో శాస్త్రజ్ఞులు ఆ పొలాల దగ్గిర భూమిలోకి ఒక రంగు దింపి చూశారు. ఆ రంగు నేల కిందుగా వచ్చి, అనేక మైళ్ళ దూరాన వకుల్లా ఊటలో తేలింది! నేలలో ఇంకిపోయిందనుకున్నది ఎక్కడికీ పోలేదన్నమాట. ఆ తరవాత నగరంవారు మురుగునీటిని ఇంకా బాగా శుద్ధి చేసే ఏర్పాటు చేశారు.

మురుగూ, ఎరువులూ చేరి నాచు పెరిగితే నీటిగడ్డి చస్తుంది. అలా ఒక తీరంలో గడ్డి నశించిపోవటమే ముఖ్యకారణంగా, 2021లో ఫ్లోరిడాలో చచ్చిపోయిన మానటీల సంఖ్య వెయ్యి దాటింది. వెచ్చటి ఊట ఉండి కూడా తిండి లేకపోయింది.

మన దేశంలో కూడా చీకటినీటి జీవులున్నవి. కేరళలో కొట్టయం బావులలో వేలెడు పొడవైనా లేని ఒక గుడ్డి జెల్లచేప దొరికింది. దానిని శాస్త్రజ్ఞులు 1950లో మొదటిసారి వర్ణించారు. నీళ్ళు చేదుకునేవాళ్ళ బాల్చీలోకి అది ఎప్పుడైనా ఒకసారి వస్తుంది. మన కాళ్ళ కింద కూడా నీరు ఉన్నది. ఆ నీటిలో ప్రాణులున్నవి. మనం నేలమీద పారబోసినది మొదట వాటికి చేరుతుంది. తరవాత చేదతో మన ఇంటికే వస్తుంది.