మీకు తెలుసా? కరెంటు లేకున్నా రంధ్రం వేయొచ్చు!

చేతి డ్రిల్లు పిడిని ఒక్క చుట్టు తిప్పితే బిట్టు దాదాపు మూడు నాలుగు చుట్లు తిరుగుతుంది. పెద్ద పళ్లచక్రం చిన్నదాన్ని తిప్పడమే ఇందులోని కిటుకు.

కొనేముందు ఇవి చూడండి:

• చిన్న పళ్లచక్రాలు రెండుంటే మేలు. పెద్ద చక్రానికి రెండు చోట్ల ఆసరా దొరుకుతుంది, ఊగదు.

• బిట్టును పట్టే చక్‌కు మూడు దవడలుండాలి. ఇంటి పనులకు 6 మి.మీ. వరకు పట్టేది చాలు.

• బిట్టు బిగించి తిప్పి చూడండి. కొన వణికితే ఆ డ్రిల్లు వద్దు.

చెక్క, ప్లాస్టిక్, పల్చటి అల్యూమినియం రేకుకు ఇది చక్కగా సరిపోతుంది. కాంక్రీటు గోడకు మాత్రం హ్యామర్ డ్రిల్లే కావాలి. రంధ్రం వేసే చోట ముందుగా మేకుతో చిన్న గుంట పెడితే బిట్టు జారదు.