ఆమవాతంలో ఎముక ఎందుకు తరిగిపోతుంది?

ఉదయం నిద్ర లేవగానే చేతివ్రేళ్ళు బిగుసుకొనిపోయి, గంటసేపటికి గాని పిడికిలి పట్టుబడకుండా ఉంటే అది ఇంటిపని వలన వచ్చిన నొప్పి అని ఊరుకోరాదు. రెండు చేతుల మణికట్లు, వ్రేళ్ళ మొదళ్ళు ఒకే విధంగా వాచినపుడు ఆమవాతాన్ని అనుమానించాలి. వృద్ధాప్యంలో మోకీళ్ళు అరిగే సంధివాతం వేరు. ఆమవాతం నడివయస్సులోనే రాగలదు. పురుషులలో కంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికం.

అగ్నిమాంద్యం వలన పుట్టిన ఆమం వాతప్రేరితమై కీళ్ళలో చేరుతుందని మాధవనిదానం చెప్పింది. ఆధునికులు చూసినది మరొక వివరం. రెండూ ఒకటేనని వాదించేవారున్నారు. నాకు ఆ తొందర లేదు. కాని ఎముక సంగతిని వారు చక్కగా విప్పి చెప్పారు.

కీలు లోపల పలుచని పొర ఒకటి ఉంటుంది. ఈ వ్యాధిలో రోగనిరోధక కణాలు సొంత శరీరాన్నే శత్రువుగా ఎంచి ఆ పొరలో గుమికూడతాయి. అవి పరస్పరం కబురంపుకొనే ప్రోటీనులకు సైటోకైనులని పేరు. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 వీటిలో ముఖ్యమైనవి. వీటి ప్రేరణతో పొర దళసరియై, మృదులాస్థిని కరిగించే ఎంజైములను స్రవిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-6 రక్తంలో కలిసి కాలేయాన్ని ప్రేరేపించడం వల్లనే రక్తపరీక్షలో సి.ఆర్.పి. పెరిగి కనిపిస్తుంది.

ఇక ఎముక. అది జీవంలేని రాయి కాదు. పాత ఇంటికి మరమ్మతు చేసినట్లు, కొన్ని కణాలు పాత ఎముకను తొలుస్తుంటే మరికొన్ని క్రొత్తది కడుతుంటాయి. సైటోకైనులు ర్యాంక్-లిగాండ్ అనే మరొక ప్రోటీనును పెంచి తొలిచే కణాలను విస్తరింపజేస్తాయి. కట్టే కణాలను అణచివేస్తాయి. తొలిచేవారు పదిమంది, కట్టేవాడు ఒక్కడూ అయితే గోడ నిలుస్తుందా? కీలు అంచున ఎముక గుంటలు పడుతుంది. ఇది తరచు మొదటి రెండేళ్ళలోనే ఆరంభమవుతుంది. పడిన గుంట పూడడం అరుదు.

ఈ మాట నేను ఒక ఉపాధ్యాయురాలి చేతుల వలన నేర్చుకొన్నాను. శొంఠి కషాయం, ఆముదం ఇచ్చాను. నొప్పి తగ్గింది, ఇద్దరమూ సంతోషించాము. ఏడాదిన్నర తరువాత ఎక్స్‌రే తీయిస్తే మూడు వ్రేళ్ళ మొదళ్ళలో గుంటలు! నొప్పి తగ్గినంత మాత్రాన తొలుపు ఆగినట్లు కాదు. నాటినుండి ఇటువంటి రోగిని మొదటి నెలలోనే కీళ్ళవ్యాధుల నిపుణుని వద్దకు పంపుతున్నాను. మెథోట్రెక్సేట్ వంటి మందులు ఈ తొలుపును నెమ్మదింపజేస్తాయి. 1992లో లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ అనే వైద్యులు టి.ఎన్.ఎఫ్.ను అడ్డగించే మందును రోగులకు తొలిసారిగా ఇచ్చి, వాపు తగ్గడం చూశారు.

ఇంట్లో చేయదగినవీ ఉన్నాయి. వేయించిన ఇసుకను గుడ్డలో మూటగట్టి గోరువెచ్చగా కాపడం పెడితే బిగువు సడలుతుంది. కీలు ఎర్రబడి వేడిగా ఉన్నపుడు మాత్రం కాపడమూ వద్దు, తైలమర్దనమూ వద్దు. పేరు లేని పొట్లాలలో అమ్మే "మూలికా" చూర్ణాలను ముట్టవద్దు. కొన్నింటిలో స్టెరాయిడ్ కలుపుతారు, అది ఎముకను మరింత పలుచన చేస్తుంది. మెథోట్రెక్సేట్ వాడేవారు ఏ కషాయమైనా తమ వైద్యునికి చెప్పకుండా త్రాగరాదు. కాలేయంపై భారం పడవచ్చును.