జాబ్ వచ్చాకే చార్మినారా?

ఖర్చు లేకుండా నగరం చూసే దారులు.. తార్నాక నుంచే మొదలు!

‘‘ఏం బిడ్డా, తిన్నవా?’’
‘‘తిన్న నాయినా.’’
‘‘పైసలున్నయా?’’
‘‘ఉన్నయ్.’’
‘‘పట్నం పోయి రెండేండ్లాయె. చార్మినార్ చూసినవా అని అమ్మ అడుగుతున్నది.’’
‘‘జాబ్ వచ్చినంక చూస్త తీయ్ నాయినా. మిమ్మల్ని గూడ తీస్కపోత.’’

తార్నాకలోనో, మాణికేశ్వరినగర్‌లోనో గది తీసుకుని ఉద్యోగానికి ప్రిపేరవుతున్నారా? ఉస్మానియా క్యాంపస్ హాస్టల్లో ఉంటున్నారా? అయితే ఈ ఫోన్ సంభాషణ మీకు కొత్తేమీ కాదు. గది, మెస్, రీడింగ్ రూమ్, మళ్లీ గది. గది అద్దె, మెస్ బిల్లు, కోచింగ్ ఫీజు, టెస్ట్ సిరీస్ పోగా జేబులో మిగిలేది అంతంతే. బయటికెళితే ఖర్చు. ఖర్చు పెడితే ఊళ్లో నాన్న పడుతున్న కష్టం గుర్తొస్తుంది. అందుకే నగరాన్ని చూడటం కూడా ‘జాబ్ వచ్చాక’ చేయాల్సిన పనుల జాబితాలో చేరిపోతుంది.

కానీ ఆ ‘వచ్చాక’ ఎప్పుడన్నది మన చేతుల్లో లేదు. 2022 గ్రూప్-1నే తీసుకోండి. ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. చివరికి ఆ నోటిఫికేషన్‌నే పక్కనపెట్టి 2024 ఫిబ్రవరిలో కొత్తది ఇచ్చారు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ రెండేళ్లు గదికే పరిమితమైనవాళ్లు ఎందరో! తయారీ ఎన్నాళ్లు సాగుతుందో తెలియనప్పుడు, మధ్యలో ఊపిరి పీల్చుకునే ఏర్పాటూ మనమే చేసుకోవాలి. వారానికి ఒక్క పూట చాలు. ఖర్చు బస్సు చార్జీ, ఒక చాయ్. అంతే!

మొదటి మజిలీ.. మీ ముందే ఉంది

క్యాంపస్‌లో ఏళ్లుగా ఉంటూ ఆర్ట్స్ కాలేజీ ముందు సెల్ఫీ దిగనివారుండరు. దాన్ని తీరిగ్గా చూసినవారు మాత్రం తక్కువే. ఒక ఆదివారం ఉదయం పుస్తకం లేకుండా అక్కడికి వెళ్లండి. విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. ఈ భవనానికి 1934లో శంకుస్థాపన జరిగింది. 1939 డిసెంబర్ 4న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. డిజైన్ కోసం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు ఇంజినీర్లను వివిధ దేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. ఆ తర్వాత బెల్జియం ఆర్కిటెక్ట్ జాస్పర్‌కు పని అప్పగించారు.

ఎత్తయిన కమానులు ఇస్లామిక్ శైలిలో ఉంటాయి. లోపలి స్తంభాలను దగ్గర నుంచి చూస్తే అజంతా, ఎల్లోరా గుహలు గుర్తొస్తాయి. రెండు సంప్రదాయాలను ఒకే గులాబీ గ్రానైట్ కట్టడంలో కలిపారన్నమాట. 1938 వందేమాతరం ఉద్యమంలో ఇక్కడి విద్యార్థులు హాస్టళ్ల నుంచి బహిష్కరణకు గురయ్యారు. 1969లో, మళ్లీ 2009 తర్వాత ప్రత్యేక రాష్ట్ర ఉద్యమానికి ఈ క్యాంపస్సే కేంద్రమైంది. గ్రూప్స్ పుస్తకంలో పేజీలకు పేజీలు బట్టీపట్టే పాఠం ఈ మెట్ల మీదే జరిగింది. అక్కడ కూర్చుని ఓసారి తలచుకుంటే ఆ తేదీలు వేరే గుర్తుపెట్టుకోవాల్సిన పనుండదు.

క్యాంపస్ నేల వెనక ఓ కవయిత్రి

ఇప్పుడు క్యాంపస్ ఉన్న అడిక్‌మెట్ ప్రాంతం ఒకప్పుడు మహ్‌లఖాబాయి చందా జాగీరులో ఉండేదని చెబుతారు. ఆమె 1768లో పుట్టి 1824లో కన్నుమూశారు. నిజాం దర్బారులో పేరున్న కవయిత్రి, గాయని, నర్తకి. ఉర్దూలో దీవాన్ వెలువరించిన తొలితరం మహిళల్లో ఒకరు. తల్లి కోసం మౌలాలి గుట్ట కింద ఆమె కట్టించిన సమాధి ప్రాంగణంలోనే ఆమెనూ ఖననం చేశారు.

తార్నాక నుంచి మౌలాలి బస్సులో కాసేపటి ప్రయాణం. ముందు సమాధి చూడండి. గేటు వేసి ఉంటే అక్కడున్నవారిని మర్యాదగా అడగండి. తర్వాత మెట్లెక్కి గుట్టపై దర్గా దగ్గరికి వెళ్లండి. సాయంత్రం పూట పైనుంచి చూస్తే నగరం నాలుగు దిక్కులా పరుచుకుని కనిపిస్తుంది. రోజంతా పుస్తకానికీ కళ్లకూ మధ్య అడుగు దూరమే ఉన్నవారికి ఆ చూపే పెద్ద విశ్రాంతి.

అఫ్జల్‌గంజ్ నుంచి చార్మినార్.. నడకే టికెట్

ఇక అమ్మ అడిగిన చార్మినార్. తార్నాక నుంచి కోఠీ, అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లే సిటీ బస్సెక్కండి. అఫ్జల్‌గంజ్‌లో దిగితే స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. ఇప్పుడున్న భవనంలోకి 1936లో వచ్చింది. ఎత్తయిన హాలులో పాత పుస్తకాల మధ్య ఒక గంట కూర్చోవచ్చు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు దొరకని రోజున ఇది గుర్తుంచుకోండి.

అక్కడి నుంచి నయాపూల్ మీదికి నడవండి. వంతెనపై నిలబడితే మూసీకి ఒక గట్టున ఉస్మానియా ఆస్పత్రి, మరో గట్టున హైకోర్టు. రెండూ 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని మళ్లీ కట్టుకునే క్రమంలో వచ్చినవే. రెండింటి రూపశిల్పి విన్సెంట్ ఎష్. మదీనా సెంటర్, పత్తర్‌గట్టి దాటితే 1591 నాటి చార్మినార్. మొత్తం అరగంట నడక. పైకి ఎక్కాలంటేనే టికెట్. కింద నిలబడి నాలుగు కమానుల్లోంచి నాలుగు బజార్లు చూడటానికి ఎవరూ పైసా అడగరు. పక్కనే మక్కా మసీదు. 1617లో మొదలుపెడితే పూర్తయ్యేసరికి 1694 అయ్యింది. ‘ఇంకెన్నాళ్లీ ప్రిపరేషన్’ అనిపించినప్పుడు ఆ లెక్క తలచుకుంటే కాస్త నవ్వొస్తుంది!

సైన్స్ చదివినవారికి మన వీధిలోనే..

తార్నాక నుంచి హబ్సిగూడ దాటేలోపే దేశం గర్వించే ప్రయోగశాలలున్నాయి. ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ.. మూడూ సీఎస్‌ఐఆర్ సంస్థలే. 1942 సెప్టెంబర్ 26న సీఎస్‌ఐఆర్ ఏర్పడింది. ఆ తేదీకి అటూఇటుగా ఈ ల్యాబ్‌లు ‘ఓపెన్ డే’ పెట్టి విద్యార్థులను లోపలికి అనుమతించడం ఆనవాయితీ. ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగానూ ఇలాంటి కార్యక్రమాలుంటాయి. తేదీలు, రిజిస్ట్రేషన్ వివరాలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలో ముందే చూసుకోండి.

బీఎస్సీ, ఎమ్మెస్సీ చేసి ‘తర్వాత ఏంటి’ అనుకునేవారికి ఇది చూసి వచ్చేయాల్సిన చోటు మాత్రమే కాదు. పరికరం పక్కన నిలబడి వివరించేది చాలావరకు మీకంటే నాలుగైదేళ్లు పెద్దవాళ్లయిన రీసెర్చ్ స్కాలర్లు. నెట్ ఎలా రాశారు, ఫెలోషిప్ ఎంత, ల్యాబ్‌లో చేరడం ఎలా.. అన్నీ అడిగేయండి. ఏ కన్సల్టెన్సీ కూడా ఫ్రీగా చెప్పని సమాచారమిది.

సాయంత్రాలు.. మాటలకూ పాటలకూ

దినపత్రికల సిటీ పేజీల్లో ‘నగరంలో నేడు’ అని చిన్న అక్షరాల్లో వచ్చే కార్యక్రమాల జాబితాను ఎప్పుడైనా చదివారా? రవీంద్రభారతిలో నాటకం, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పుస్తకావిష్కరణ, తెలంగాణ సారస్వత పరిషత్తులో సభ.. వీటిలో చాలావాటికి ప్రవేశం ఉచితం. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న ‘లామకాన్’లోనూ చర్చలు, సంగీతం, సినిమా ప్రదర్శనలు ఎక్కువగా ఉచితమే. ఇంటర్వ్యూలో మాట తడబడుతుందని భయపడేవారు ఇలాంటి చోట వెనక వరుసలో కూర్చుని వినడంతో మొదలుపెట్టొచ్చు. మూడో వారానికి చెయ్యెత్తి ఒక ప్రశ్న అడగండి. మాక్ ఇంటర్వ్యూకు ఫీజు కట్టకుండానే సగం బెరుకు పోతుంది.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌పై పాత పుస్తకాలు తిరగేయడం, టాంక్‌బండ్‌పై ఒక్కో విగ్రహం దగ్గర ఆగి పేరు చదువుకుంటూ నడవడం.. ఇవీ ఖర్చు లేని పనులే. పుస్తకాల దగ్గర మాత్రం జేబు జాగ్రత్త!

ఇది టైంపాస్ కాదా?

ఈ సందేహం రావడం సహజం. నిజానికి టైంపాస్ మన గదిలోనే ఎక్కువ. రాత్రి పదకొండుకు ‘అయిదు నిమిషాలు’ అని తెరిచిన ఫోన్ ఒంటిగంటకు గానీ పక్కన పెట్టం. ఆ రెండు గంటలు లెక్కలోకి రావు. నయాపూల్‌పై గడిపిన రెండు గంటలు మాత్రం తప్పు చేసినట్టు అనిపిస్తాయి. ఆ లెక్కే తప్పు.

ఇంకో మాట. చూసిన ప్రతిదాన్నీ సిలబస్‌లో కలపాలని చూడకండి. కుతుబ్‌షాహీ చరిత్ర ప్రశ్నగా వస్తే మంచిదే. రాకపోయినా మీరు నష్టపోయిందేమీ లేదు. వారంలో ఒక పూట మీరు అభ్యర్థిగా కాకుండా మనిషిగా గడిపారు. ఫలితాల జాబితాలో నంబరు లేని రోజున తట్టుకుని నిలబడటానికి ఆ పూటలే సాయపడతాయి. వెళ్లేటప్పుడు పక్క గదిలోని మిత్రుణ్నీ పిలవండి. ముఖ్యంగా వారం రోజులుగా మెస్‌కు కూడా సరిగా రాని ఆ మిత్రుణ్ని.

బయల్దేరే ముందు..

* అమ్మాయిలకు 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తప్పక తీసుకోండి.
* అబ్బాయిలకు స్టూడెంట్ పాస్ ఉంటే సరే. లేకుంటే 24 గంటలు చెల్లే టీ-24 టికెట్ గురించి కండక్టర్‌ను అడగండి. ఒకే రోజు రెండు మూడు చోట్లు తిరిగితే కలిసొస్తుంది.
* గోల్కొండ, చార్మినార్ లాంటి టికెట్ ఉన్న కట్టడాలకు ఏప్రిల్ 18 (ప్రపంచ వారసత్వ దినోత్సవం), నవంబర్ 19న మొదలయ్యే వారసత్వ వారోత్సవాల్లో తరచూ ఉచిత ప్రవేశం ప్రకటిస్తుంటారు. మ్యూజియాలకైతే మే 18. ముందురోజు పేపర్ చూడండి.
* నీళ్ల సీసా, ఐడీ కార్డు వెంట ఉండాలి. జేబులో యాభై, వంద.. ఎంత అనుకుంటే అంతే పెట్టుకోండి. ఫోన్‌పే జోలికి వెళ్లొద్దు.
* ‘ఫ్రీయే కదా’ అని మాల్‌కు వెళ్తే ఫ్రీగా తిరిగి రావడం కష్టం!
* చివరి బస్సు, హాస్టల్ గేటు వేళలు చూసుకుని వెనక్కి బయల్దేరండి.

వచ్చే ఆదివారం నాన్న ఫోన్ చేసినప్పుడు ‘‘చూసిన నాయినా’’ అని చెప్పండి. అమ్మానాన్నల్ని తీసుకొచ్చి చూపించే రోజు ఎలాగూ వస్తుంది. ఆ రోజున ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో, ఎటు నడవాలో మీకు తెలిసుండాలి కదా!