ఆకాశవార్తయు ఆకేటివార్తయు



మా యింటికి వార్తాపత్రిక వచ్చినతోడనే మొదటి పుట మావారి చేతికి, ఆటల పుట పిల్లల చేతికి పోవును. నడిమి పుటలు నాకు మిగులును. వంటయింటి పని ముగిసిన పిదప వానిని నిదానముగా చదువుట నా కలవాటు. శాస్త్రజ్ఞులు కనిపెట్టిన వింతలును, ప్రభుత్వమువారు తలపెట్టిన పథకములును సాధారణముగా ఆ పుటలలోనే యుండును. ఇవి స్త్రీలకేల యని కొందరందురు. శాస్త్రము వలని మేలైనను, రాజ్యనీతిలోని లోపమైనను మొట్టమొదట అనుభవించునది ఇల్లేయని నా నమ్మకము. అందుచేత వానను గూర్చియు, వానకబురును గూర్చియు నేడు నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన దేశపు వాతావరణశాఖ 1875లో స్థాపింపబడినది. నూటయేబదియేండ్లు నిండిన ఈ శాఖకు ఇటీవల క్రొత్త బలము చేకూరినది. 2024 సెప్టెంబరు 11వ తేదీని కేంద్ర మంత్రివర్గము ‘మిషన్ మౌసమ్’ అను పథకమునకు రెండేండ్లకుగాను 2,000 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. ఆ నెలలోనే పూణేయందు ‘అర్క’ యనియు, నోయిడాయందు ‘అరుణిక’ యనియు సూర్యుని పేళ్లు పెట్టి రెండు సూపర్ కంప్యూటర్లను ప్రారంభించిరి. 2025 మే 26న ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ అను క్రొత్త గణనపద్ధతి వచ్చినది. పూర్వము భూమిని పండ్రెండు కిలోమీటర్ల గళ్లుగా విభజించి వానను లెక్కించెడివారు. ఇప్పుడు ఆరు కిలోమీటర్ల గళ్లుగా లెక్కించుచున్నారు. ముగ్గునకు చుక్కలు దగ్గరగా పెట్టినకొలది రూపము స్పష్టమగునట్లు, గళ్లు చిన్నవైనకొలది వానయొక్క రూపము స్పష్టమగును. ఇది మెచ్చుకొనదగిన పని. దీనిని నేను చులకన చేయుటలేదు.

అయినను ఈ వార్తలు చదువునపుడు సంతోషముతోపాటు నాకొక దిగులును కలుగుచుండును. మంత్రివర్గము ఆ ధనమును మంజూరు చేయుటకు సరిగా పది దినములకు ముందు, సెప్టెంబరు 1వ తేదీ ఆదివారమునాడు, మా మరిపెడ మండలమున జరిగిన సంగతిని మరువజాలకున్నాను. శ్రావణ బహుళము, అమావాస్య దగ్గరపడిన చీకటి. శనివారము పట్టిన వాన విడువలేదు. వర్ధన్నపేట వైపునుండి వచ్చు ఆకేరు పొంగి, పురుషోత్తమాయగూడెము వంతెనను ముంచి పారెను. ఒక గిరిజన తండాలో పుట్టి, పట్టుదలతో చదివి, వ్యవసాయ శాస్త్రజ్ఞురాలైన యువతి హైదరాబాదులో విమానమెక్కుటకై తండ్రితోకూడ కారులో ఆ దారిని వచ్చెను. ఏరు ఆ కారును గొనిపోయెను. తండ్రియు, కూతురును ఇరువురును మరణించిరి. ఆ వరదయే మా మండలములోని సీతారాం తండాను ముంచెను. కేసముద్రము దగ్గర రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడెను. ఆకేరు తీర్థాలయొద్ద మున్నేటిలో కలియును. ఆ మున్నేరు ఖమ్మము పట్టణపు వీథులలోనికి వచ్చెను.

హెచ్చరిక లేకపోలేదు. భారీవర్షము రాగలదని శాఖవారు ముందుగనే చెప్పియుండిరి. అయినను శాస్త్రము చదివిన యువతికే అక్కరకు రాని కబురు, అక్షరము రాని పాలమనిషికి ఎట్లు అక్కరకు వచ్చును? ఈ ప్రశ్న నన్ను విడువలేదు.

ఆ శనివారము సాయంకాలము టెలివిజనులో మా జిల్లాకు ఎరుపురంగు వేసి చూపిరి. మాకు పాలు పోయు నామె గడపలో నిలిచి చూచి, “అమ్మా, ఎర్రరంగంటే ఏందమ్మా? మా ఆయన మోటరు కాడికి పోయిండు. వాగు దాటి ఇంటికి రమ్మందునా, ఆడనే ఉండమందునా?” యని యడిగినది. కాళిదాసుని మేఘసందేశమును మా తండ్రిగారియొద్ద చదువుకొన్న నేను ఈ మేఘసందేశమునకు అర్థము చెప్పలేకపోతిని. ఆమె భర్త తనంతట తానే బుద్ధి తెచ్చుకొని, మోటరుకొట్టములోనే యుండిపోయి, సోమవారమునాడు ఇల్లు చేరెను. అది అతని వివేకము. నా చదువువలన గాని, ఆ రంగువలన గాని కలిగిన మేలు కాదు.

పిమ్మట నేను తెలిసికొన్నది చెప్పెదను. ఆకుపచ్చ యనిన భయము లేదని యర్థము. పసుపు యనిన గమనించుచుండుడని. నారింజ యనిన సిద్ధముగా నుండుడని. ఎరుపు యనిన చేయవలసినది వెంటనే చేయుడని. ఒక దినములో 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 వరకు కురిసినది భారీవర్షము, 204.4 వరకు అతిభారీవర్షము. దానిని మించినది అత్యంత భారీవర్షము. ఇదంతయు ఆకాశవార్త. ‘చేయవలసినది వెంటనే చేయుడు’ అనుట సరియే. ఆ చేయవలసినదేమో రంగు చెప్పదు.

ఈ మిల్లీమీటర్లను మన కొలతలలోనికి మార్చి చూతము. చదరపు మీటరు నేలపై మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. గుంట స్థలము సుమారు 101 చదరపు మీటర్లు. 200 మిల్లీమీటర్లు కురిసినచో ఆ గుంటలో 20,000 లీటర్లకు పైగా నీరు పడును. పదునైదు లీటర్లు పట్టు బిందెతో ముంచినచో 1,300 బిందెలకు పైమాట! ఎకరమునకు ఎనిమిది లక్షల లీటర్లు. పది చదరపు కిలోమీటర్ల నేలకు 200 కోట్ల లీటర్లు. నేల యెండియున్నప్పుడు అందు కొంత ఇంకును. తడిసి తడిసి యున్న నేల త్రాగదు. కాకతీయులనాటినుండి మన ప్రాంతపు చెరువులు గొలుసుకట్టుగా నున్నవి. పైచెరువు అలుగు నీరు క్రిందిచెరువునకు వచ్చును. పైకట్ట తెగినచో ఆ భారమంతయు క్రిందికట్ట మీద పడును. కావున మన యూరివాగు ఎంత పొంగునో మన యూరిమీది వాన ఒక్కటియే నిర్ణయింపదు. ఎగువయూళ్ల వానయు, ఎగువచెరువుల స్థితియు నిర్ణయించును. మన వాకిట చినుకు లేకున్నను వాగు రావచ్చును.

పారు నీటి బలమును మనము తక్కువగా నెంచుచున్నాము. జానెడైన లేని నీరు, పదునైదు సెంటీమీటర్లది, వడిగా పారునెడల పెద్దమనిషి కాలు తప్పించును. ముప్పది సెంటీమీటర్లు చిన్నకారును కదల్చును. అరువది సెంటీమీటర్ల నీరు పెద్ద బండ్లను సహితము తేల్చి కొనిపోగలదు. నీటి వేగము రెట్టింపైనచో దాని త్రోపు నాలుగింతలగును. నా తప్పిదము నొకదానిని ఇచట దాచక చెప్పెదను. కొన్నియేండ్లక్రిందట ఒక పెండ్లినుండి తిరిగి వచ్చుచు, చిన్నపిల్లను ఒడిలో పెట్టుకొని, మావారి స్కూటరుమీద ఒక చిన్నవాగును దాటితిమి. ముందు వారెవరో దాటిరి గదా, మనమును దాటుదమని నేనే తొందరపెట్టితిని. నడుమ బండి ప్రక్కకు జరిగెను. ఒడ్డున నున్న గొఱ్ఱెలకాపరి చేయి పట్టి లాగకున్నచో నేనీ వ్యాసము వ్రాయుటకు మిగిలియుండెడిదానను గాను. వాగెంత లోతున్నదో ఆ దినము మాకు చెప్పినది ఏదియు లేదు. మేమును ఎవరిని అడుగలేదు.

ఇక భద్రాచలము సంగతి చూడుడు. అచట గోదావరి 43 అడుగులకు చేరిన మొదటి ప్రమాదహెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది యిత్తురు. 1986లో నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పొంగెను. ఆ పట్టణపు గృహిణికి మిల్లీమీటర్లు తెలియకపోవచ్చును. గోదావరి ఎన్ని యడుగులున్నదో తెలియును. ఆ యంకె విన్నతోడనే బియ్యపుమూట అటకెక్కించుటయో, పిల్లలను తీసికొని ఎగువవీథికి పోవుటయో ఆమె నిశ్చయించుకొనును. అది నదివార్త, ఇంటికి పనికివచ్చు వార్త. పెద్దనదికి దక్కిన ఈ భాగ్యము మా ఆకేటికిని, మన చిన్నవాగులకును ఏల దక్కరాదు?

నా యభిప్రాయ మిది. ఆకాశమును చూచుటకు వేలకోట్లు వెచ్చించునపుడు, అందులో నొక చిన్నపాలు వంతెనయొద్ద వెచ్చింపవలెను. నీరు పైకి వచ్చు ప్రతి లోవంతెనయొద్దను అడుగుల గుర్తులు వేసిన స్తంభ మొకటి, రాత్రివేళ కాంతికి మెరయు రంగుతో, నాటవలెను. ఎంత లోతునకు దారి మూయవలెనో ఆ స్తంభముమీదనే ఎఱ్ఱగీత గీయవలెను. ఎగువయూరి స్తంభమున నీరు గీతను చేరినతోడనే దిగువయూరికి ఫోను చేయు బాధ్యత పేరుపెట్టి యొకరికి అప్పగింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఏ యధికారి యాజ్ఞకును ఎదురుచూడక అర్ధరాత్రియైనను దారికి గొలుసు వేయు హక్కు ఆ యూరివాని కొకని కుండవలెను. దానికి జీతము నుండవలెను.

ఒక ప్రాంతమునందలి సెల్‌ఫోనులన్నియు నొక్కసారి మ్రోగునట్లు టవరునుండియే హెచ్చరిక పంపు పద్ధతిని 2023లో దేశమున పరీక్షించిరి. ఇది మంచి సాధనము. కాని అందు వచ్చుమాట ‘కొన్నిచోట్ల అత్యంత భారీవర్షములు’ అని కాక, ‘ఫలాని వాగు దారి మూసితిమి, దాటవద్దు’ అని యుండవలెను. మా తండాలలో మాటలాడు లంబాడీ భాషకు స్వంతలిపి లేదు. వారికి వ్రాతకంటె గొంతుక మేలు. కంప్యూటరు గుణించిన వార్తను చివరకు డప్పుతో చాటించినను తప్పులేదు. చాటింపు చిన్నతనమేమియు కాదు.

ఎత్తైన వంతెనలు కట్టిన చాలును, ఈ స్తంభము లెందుకని కొందరందురు. వంతెనలు కట్టవలసినదే. అవి పూర్తియగులోపల ఎన్ని వానకాలములు గడచునో లెక్కింపుడు. చెప్పినను జనము వినరని మరికొందరందురు. అస్పష్టముగా చెప్పిన మాటను ఎవరును వినరు. పదిసార్లు ఎరుపు చూపి రెండుసార్లే వాగు వచ్చినచో పదునొకండవసారి నమ్మరు. కంటియెదుట గీతను ముంచిన నీటిని కాదనువారు కొలదిమంది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో సుమారు పదునైదువేలమంది మరణించిరని చెప్పుదురు. నిజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన మొదట చేసినది వానను, తెగిన చెరువులను లెక్కించుట. మూసీ పరీవాహములో రెండువందలకు పైగా చెరువులు తెగెనని తేలినది. ఆ లెక్కనుండియే 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును వెలసినవి. దుఃఖమును కొలతగా మార్చిననే అది నీతియగును. ఊరక విలపించిన అది వార్తయై మరునాడు పొట్లము కట్టుటకు పోవును.

కొలత మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ధాన్యపుకొట్టునందు అరత్ని వెడల్పు మూతిగల కుండమును వర్షమానముగా నుంచుమని విధించెను. వరాహమిహిరుడు బృహత్సంహితలో వానను ఆఢకములతో, ద్రోణములతో కొలుచు విధము చెప్పెను. ధాన్యపుకొట్టు ఇంటిలో నెవరి పాలనలో నుండునో మీకు తెలియును. కావున వాన కొలుచుట మన పనియే. అడుగునుండి మూతివరకు ఒకే వెడల్పు గల గాజుసీసాను గాని గిన్నెను గాని, చెట్లకును చూరునకును దూరముగా, బయలునందు నిలుపుడు. ప్రొక్కులున్న బకెట్టు పనికిరాదు. మూతి వెడల్పై అడుగు సన్నమైనచో కొలత తప్పును. ప్రతి ఉదయము ఎనిమిదిన్నర గంటలకు, వాతావరణశాఖవారు చూచు వేళకే, పిల్లల స్కేలుతో కొలిచి వ్రాసికొనుడు. రెండు వానకాలములు వ్రాసినచో, ఎంత కురిసిన మీ వాగు ఎన్నిగంటలకు వచ్చునో మీకే తెలియును. నేను ఒక్క వానకాలమే వ్రాసితిని. అందును నాలుగుదినములు మరచితిని. అయినను మా పాలమనిషి ఇప్పుడు రంగెంతయని యడుగుట మాని, “సీసాల ఎన్ని ఏళ్ల నీళ్లొచ్చినయమ్మా?” యని యడుగుచున్నది.

ఈ వానకాలమునకు ముందుగనే మీ యూరి లోవంతెనయొద్దకు ఒకమారు పోయి చూడుడు. అచట అడుగులస్తంభ మున్నదా? గొలుసున్నదా? గొలుసు తాళము ఎవరియొద్ద నున్నది? లేనియెడల పదిమంది స్త్రీలు కలిసి గ్రామసభలో నీ మూడు ప్రశ్నలే యడుగుడు. జవాబు వచ్చువరకు, రాత్రివేళ పారు నీటిని చూచినతోడనే మీ భర్తను, కుమారుని, కూతురును వెనుకకు మరలుమని చెప్పుడు. పిరికితన మనినను పట్టించుకొనకుడు.