బ్యాంకు రుణ ప్రతిపాదన: పంపేముందు వర్తకులు సరిచూసుకోవలసిన లెక్కలు

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చేది జనవరి నుంచి ఏప్రిల్ వరకే. కొనుగోళ్ళకు బ్యాంకు రుణం కోరిన వర్తకుని ప్రతిపాదన వివరణల కోసం రెండు వారాలు అటూ ఇటూ తిరిగితే, ఆ మేరకు సీజను చేజారినట్లే. ఇలా వెనక్కి వచ్చే కాగితాల్లో లోపం తరచు భాషలో వుండదు. ఒక కాగితంలోని అంకె మరొక కాగితంలోని అంకెతో కుదరకపోవడంలో వుంటుంది.

తాకట్టు ఎంత అనేదానికంటె అవసరం ఎంత అనేదానిని బట్టి అప్పు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 1974లో నియమించిన టాండన్ కమిటీ సూచించింది. నిలవల పట్టికలకు, అంచనా లెక్కలకు బ్యాంకులు ఇచ్చే ప్రాముఖ్యం అప్పటినుంచి పెరిగింది.

తూకం, రకం

నిలవల పట్టికలో "తేజ 1,000 టిక్కీలు" అని వ్రాస్తే చాలదు. టిక్కీ 40 కిలోలైతే అది 400 క్వింటాళ్ళు; 45 కిలోలైతే 450. క్వింటాలు రూ. 15,000 అనుకుంటే తేడా రూ. 7.5 లక్షలు. కనుక టిక్కీల సంఖ్యతోపాటు కాటా తూకం, రకం, పాత పంటా కొత్త పంటా అన్నది వేర్వేరు గళ్ళలో చూపాలి. తాలును విడిగా చూపాలి. అన్నిటికీ మేలురకం ధర కట్టిన పట్టిక యార్డు ధరల ముందు నిలవదు. కొన్న ధర, మార్కెట్ ధరలలో ఏది తక్కువైతే దానినే వేయడం మంచిది.

ధర తగ్గితే?

పై ఉదాహరణలో 400 క్వింటాళ్ళ విలువ రూ. 60 లక్షలు. అందులో చెల్లించవలసిన బాకీలు రూ. 12 లక్షలు తీసివేస్తే రూ. 48 లక్షలు. బ్యాంకు 25 శాతం మార్జిన్ పట్టుకుంటే వాడుకోగల మొత్తం రూ. 36 లక్షలు. ధర 20 శాతం తగ్గితే సరుకు విలువ రూ. 48 లక్షలకు, వాడుకోగల మొత్తం రూ. 27 లక్షలకు దిగుతుంది. అప్పటికే పూర్తిగా వాడుకుని వుంటే తేడా రూ. 9 లక్షలు వర్తకుడు ఎక్కడినుంచి తెస్తాడు? ఈ ప్రశ్నకు జవాబు ప్రతిపాదనలోనే వుంటే అధికారి అడగవలసిన పని వుండదు.

శీతల గిడ్డంగి బాండ్లు

గిడ్డంగిలో రైతుల సరుకు, వర్తకుల సరుకు పక్కపక్కనే వుంటాయి. బాండు ఎవరి పేర వుందో, దానిపై ఇంతకుముందే అప్పు వుందో లేదో స్పష్టంగా తెలపాలి. బాండు నెంబరు, లాటు నెంబరు, చేర్చిన తేదీ, బీమా గడువు పట్టికతో సరిపోవాలి. ఒకే సరుకును రెండుచోట్ల చూపడం పొరపాటున జరిగినా నమ్మకం పోతుంది. 2007 నాటి గిడ్డంగుల చట్టం కింద నమోదైన గిడ్డంగుల ఎలక్ట్రానిక్ రసీదులలో తాకట్టు వివరం కూడా నమోదవుతుంది.

పత్తి లెక్క

జిన్నింగు మిల్లుల ప్రతిపాదనలకు దిగుబడి లెక్క ముఖ్యం. వెయ్యి క్వింటాళ్ళ విడి పత్తికి 34 శాతం దూది వస్తే 340 క్వింటాళ్ళు. 170 కిలోల బేళ్ళు 200 అవుతాయి. అదే పత్తికి 240 బేళ్ళు చూపితే దిగుబడి దాదాపు 41 శాతమని అర్థం. ఆ అంకెకు సంజాయిషీ ఇవ్వక తప్పదు. గింజల అమ్మకాన్ని, తరుగును కూడా విడిగా చూపాలి.

చివరి పరిశీలన

వ్రాసినవారికి తమ తప్పు కనబడదు. ప్రతిపాదనను ఆడిటరుకు చూపించేముందు యార్డుకు వెళ్ళే గుమాస్తా చేతికి ఇచ్చి, పట్టీలు, కాటా చీటీలు, బాండ్లు ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్క అంకెనూ టిక్కు కొట్టించాలి. కుదరని అంకె దొరికితే దానిని సరిదిద్దాలి, లేదా కారణం వ్రాయాలి. మొదటి పేజీలో మాత్రం నాలుగే సంగతులు వుండాలి: ఎంత కావాలి, దేనికి, ఎప్పటికి తీరుస్తారు, ధర పడితే ఏమి చేస్తారు.