మెదడు కణితుల అణుస్థాయి పరీక్షలు – చికిత్స నిర్ణయం

సూక్ష్మదర్శినిలో ఒకేలా కనిపించే రెండు కణితులు ఒకే తీరుగా పెరుగుతాయా? పెరగవు. మెదడులో పుట్టే గ్లయోమాల విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తన వర్గీకరణలో జన్యు లక్షణాలను చేర్చి, 2021లో వాటి ప్రాధాన్యాన్ని ఇంకా పెంచింది.

1. ఒక ఉదాహరణ

ఐరాల మండలం నుంచి ఇద్దరు రోగులు శస్త్రచికిత్సకు వెళ్ళారనుకుందాం. ఒకరు తిరుపతి స్విమ్స్‌కు, మరొకరు 1949లో దేశంలోనే తొలి న్యూరోసర్జరీ విభాగం ఏర్పడిన వేలూరు సి.ఎం.సి.కి. సూక్ష్మదర్శినిలో ఇద్దరివీ రెండో గ్రేడు కణితులుగానే కనిపించాయి. మొదటి రోగి కణితిలో ఐ.డి.హెచ్. జన్యువులో ఉత్పరివర్తనం ఉంది. ఇలాంటి కణితి సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది. రెండో రోగిలో ఆ ఉత్పరివర్తనం లేదు. పైగా 7వ క్రోమోజోము అదనంగా ఉంది, 10వ క్రోమోజోము లోపించింది. 2021 వర్గీకరణ ప్రకారం రెండోది నాలుగో గ్రేడు గ్లయోబ్లాస్టోమా. దానికి రేడియేషన్, టెమోజోలోమైడ్ ఆలస్యం లేకుండా మొదలుపెట్టాలి.

2. ముఖ్యమైన గుర్తులు

(అ) ఐ.డి.హెచ్.: ఉత్పరివర్తనం చెందిన ఈ ఎంజైము 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. అది కణంలో జన్యువుల నియంత్రణను దెబ్బతీస్తుంది. ఈ ఎంజైమును అడ్డుకునే వోరాసిడెనిబ్ అనే మందుకు 2024లో అమెరికాలో అనుమతి లభించింది.

(ఆ) 1పి/19క్యూ: ఐ.డి.హెచ్. ఉత్పరివర్తనంతో పాటు 1వ క్రోమోజోము పొట్టి భుజం, 19వ క్రోమోజోము పొడవు భుజం రెండూ లోపిస్తే అది ఆలిగోడెండ్రోగ్లయోమా. ఇది రేడియేషన్‌కు, కీమోథెరపీకి బాగా లొంగుతుంది.

(ఇ) ఎం.జి.ఎం.టి.: టెమోజోలోమైడ్ కణితి డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తే, ఈ ఎంజైము దాన్ని బాగుచేస్తుంది. మిథైలేషన్ వల్ల ఈ జన్యువు మూతపడితే మందు బాగా పనిచేస్తుంది. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో, మిథైలేషన్ ఉన్న గ్లయోబ్లాస్టోమా రోగుల మధ్యస్థ జీవితకాలం రేడియేషన్‌తో మాత్రమే 15.3 నెలలు, మందు కూడా ఇచ్చినప్పుడు 21.7 నెలలు. మిథైలేషన్ లేనివారిలో ఈ తేడా ఒక నెల కంటే తక్కువ.

3. పరీక్షల క్రమం

అన్ని పరీక్షలూ ఒకేసారి చేయనక్కరలేదు. మొదట ఆర్132హెచ్ ప్రోటీన్‌ను గుర్తించే ఇమ్యూనోహిస్టోకెమిస్ట్రీ చేస్తారు. ఐ.డి.హెచ్. ఉత్పరివర్తనాల్లో సుమారు 90 శాతం ఈ రకానివే. గోధుమ రంగు వస్తే ఉత్పరివర్తనం ఉన్నట్టే. రంగు రాకపోతే, ముఖ్యంగా 55 ఏళ్ళలోపు వారిలో, జన్యు శ్రేణిని చదివి నిర్ధారించుకోవాలి.

ఈ పరీక్షలకు ఆధారం శస్త్రచికిత్సలో తీసి పారఫిన్ దిమ్మలో భద్రపరచిన కణజాలం. రోగి ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, ఆ దిమ్మను కూడా అడిగి తీసుకువెళ్ళాలి. దిమ్మ లేకపోతే అవసరమైన పరీక్ష కోసం మళ్ళీ తల తెరవాల్సి రావచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పై ఉదాహరణలో రెండో రోగి కణితి నాలుగో గ్రేడు ఎందుకైంది?
2. ఎం.జి.ఎం.టి. మిథైలేషన్‌కు, టెమోజోలోమైడ్ ప్రభావానికి గల సంబంధాన్ని వివరించండి.