అటక మీద ఘంటసాల రికార్డులున్నాయా? ప్లేయర్ కొనేముందు ఇది చూడండి!

పాత రికార్డులు మళ్లీ తిప్పాలని చాలామందికి మనసవుతోంది. కానీ కోటిపల్లి రేవుకు అవతలి ఒడ్డున, గోదావరి పక్కనే ఉన్న ముక్తేశ్వరం లాంటి ఊళ్లలో తేమ ఎక్కువ. అటక మీద నుంచి దించిన రికార్డుకి బూజు పట్టి ఉండొచ్చు. తుడవకుండా పెడితే సూది ఆ మురికిని గాడిలోకే రుద్దేస్తుంది.

ముందు అది ఏ రికార్డో తెలియాలి. 1974లో ఘంటసాల కన్నుమూశాక హెచ్‌ఎంవీ తెచ్చిన భగవద్గీత ఎల్‌పీ లాంటివి వినైల్, 33 స్పీడ్. అంతకంటే పాతవి, కింద పడితే పగిలేవి లక్కతో చేసిన 78 స్పీడ్‌వి. వీటిని స్పిరిట్‌తో తుడిచారో, లక్క కరిగి పాట పోయినట్టే! డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిపిన మెత్తటి గుడ్డతో, గాడి వెంబడే తుడిచి వెంటనే ఆరబెట్టాలి. లేబుల్ తడవకూడదు.

ఇక ప్లేయర్. చూడ్డానికి ముచ్చటగా ఉండే చవక సూట్‌కేస్ మోడళ్లలో చాలావాటికి సూది బరువు మార్చే వీలుండదు. 5 గ్రాముల దాకా కూడా నొక్కుతాయి. మంచి టర్న్‌టేబుల్‌లో 2 గ్రాములకు అటూ ఇటూ చాలు. చేతికి వెనక బరువు సర్దే చక్రం, విడిగా మార్చుకునే సూది ఉన్నాయా అని అడగండి. బ్లూటూత్ ఉందా లేదా అన్నది తర్వాత సంగతి. 78 రికార్డులుంటే ఆ స్పీడూ, దానికి వెడల్పు సూదీ వేరుగా కావాలి. ఎల్‌పీ సూదితో వేస్తే గరగరే ఎక్కువ.

ఆంప్లిఫయర్‌కి ఫోనో ఇన్‌పుట్ లేకపోతే, ప్రీఆంప్ లోపలే ఉన్న మోడల్ తీసుకోండి.